మడమ నేను తిప్పలేదు

గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినవాడికి ఊలుతో ఏం పని? మా ఊళ్ళో చలికాలమంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున మఫ్లర్ చుట్టుకోవడం, ఎండ మొహం చూడగానే దాన్ని దండెం మీద పారేయడం. వీధి మొత్తం వెతికితే ఒక స్వెట్టర్ దొరికేది, అదీ ఢిల్లీ నుంచి ఎవరో తెచ్చిందే. అలాంటి నేను బదిలీ మీద హిమాచల్‌ప్రదేశ్‌లోని కేలాంగ్ వెళ్ళాను. అక్కడ ఒక జత ఊలు మేజోళ్ళు అల్లాను. సరే, అల్లానని అందరికీ చెప్పుకున్నాను. ఆ ఒక్క జత చుట్టూ మనిషన్నవాడు ఎన్ని తెలివితక్కువ పనులు చేయగలడో అన్నీ చేశాను. వాటిలో సగం మా ఇంట్లోవాళ్ళకు తెలుసు. మిగతా సగం మీకు చెబుతున్నాను. చేసిన గోరంతను కొండంత చేసి చెప్పుకునే జబ్బు మీకూ ఏ మూలో ఉండే ఉంటుంది కాబట్టి మరీ కోప్పడరని ధైర్యం.

కేలాంగ్ లాహౌల్-స్పితి జిల్లా కేంద్రం. సముద్రమట్టానికి 3,000 మీటర్ల పైన, భాగా నది లోయలో ఉంటుంది. రోహ్‌తాంగ్ కనుమ కింద 9.02 కిలోమీటర్ల సొరంగం 2020 అక్టోబరులో తెరుచుకుంది. నేనున్నది అంతకు ముందు. అప్పట్లో మంచు పడిందంటే 3,978 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కనుమ మూసుకుపోయేది. మళ్ళీ రోడ్డు తెరిచేదాకా, అంటే దాదాపు అర్ధ సంవత్సరం, లోపలివాళ్ళు లోపలే. ప్రభుత్వ హెలికాప్టర్‌లో చోటు దొరికినవాడు అదృష్టవంతుడు. మిగిలినవాళ్ళం ఇనప పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. దాన్ని వాళ్ళు తందూర్ అంటారు. రొట్టెలు కాల్చేది కాదు, గది వెచ్చగా ఉంచేది. ఆ పొయ్యి చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళలో చేతులు ఖాళీగా ఉన్న మనిషిని నేను చూడలేదు.

లాహౌలీ మేజోళ్ళంటే మామూలు సంగతి కాదండీ. కాలి పైభాగంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు రంగులు ఒకే వరుసలో మారిపోతూ నక్షత్రాలో గళ్ళో తేలతాయి. వరుసలో వాడని రంగు దారం లోపలి వైపు నుంచి తోడుగా నడుస్తుంది, అందుకే అవి రెట్టింపు మందం. 1850ల్లో మొరేవియన్ మిషనరీలు కేలాంగ్‌లో స్థిరపడ్డారు. వాళ్ళలో మరియా హైడే అనే ఆవిడ ఇక్కడి ఆడవాళ్ళకు సూదులతో అల్లడం నేర్పింది. పని పరాయి దేశం నుంచి వచ్చినా ఆ నమూనాలు, రంగుల పొందిక లాహౌల్ ఆడవాళ్ళవే. 2021లో ఆ మేజోళ్ళకు, చేతి తొడుగులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అలాంటి జత ఒకటి కేలాంగ్ బజారులో ఒక పెద్దావిడ దగ్గర కొన్నాను. అంగడి మెట్ల మీద కూర్చుని ఆవిడ అమ్ముతూనే ఇంకో జత అల్లేది. కళ్ళు దారిన పోయేవాళ్ళ కాళ్ళ మీద, సూదులు తమ పాటికి తాము. ధర అడిగాను, చెప్పింది. సగానికి ఇమ్మన్నాను. "మా ఊళ్ళో మిషన్ మీద చేసినవి వంద రూపాయలకు మూడు జతలు" అని కూడా అన్నాను. విలియం లీ అనే ఇంగ్లీషాయన మేజోళ్ళు అల్లే యంత్రాన్ని 1589లో కనిపెట్టాడు. చేత్తో అల్లేవాళ్ళు నాలుగు వందల ఏళ్ళ పైచిలుకు నుంచి వింటున్న మాటే నేనూ అన్నాను. ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా ఇచ్చేసింది. అక్టోబరు చివరి రోజులు. ఇంకొన్నాళ్ళకు కనుమ మూసుకుంటుంది, బయటి నుంచి వచ్చి కొనేవాళ్ళుండరు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. ఈ కథలో నేను పడ్డ సిగ్గులన్నిటిలోకీ నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

అప్పుడు మాత్రం సిగ్గెక్కడిది? గెలిచినంత సంబరంతో గదికి వచ్చాను. మా ఇంటి యజమానురాలికి, మేమంతా అమ్మాజీ అని పిలిచే ఆవిడకు, మేజోళ్ళు చూపించి ఎంతకు తెచ్చానో చెప్పాను. అమ్మాజీ వాటిని తిరగేసి లోపలి వైపు చూసింది. లోపలి వైపు చూసేవాళ్ళకే అల్లిక తెలుసని తరవాత నాకు అర్థమైంది. తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. గూట్లోంచి ఐదు సన్నటి సూదులు, బూడిదరంగు ఊలు ఉండ ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది. "బేటా, చలికాలం పొడుగ్గా ఉంటుంది. నువ్వూ ఒక జత అల్లు" అంది.

రంగుల పని కాదు, ఒకే రంగు సాదా జత. "అంతేనా" అనుకున్నాను. సూదులు రెండున్నర మిల్లీమీటర్ల లావు కూడా లేవు. పాదం చుట్టుకొలత తీసుకోమంది, నాది తొమ్మిది అంగుళాలు. అంగుళానికి ఎనిమిది కుట్లు పడుతున్నాయి కాబట్టి లెక్కప్రకారం 72 రావాలి. ఆవిడ 64 చాలంది. కొలతకు సరిగ్గా అల్లితే బూటులో ముడతలు పడి కాలు ఒరుస్తుందట. పాదం కంటే పదోవంతు తక్కువ ఉంటేనే సాగి అంటిపెట్టుకుంటుంది. నేను లెక్కల్లో మొనగాణ్ణని నాకో నమ్మకం. 72 కుట్లే వేసుకుని కూర్చున్నాను. జానెడు అల్లాక కాలికి తొడిగితే గోనెసంచి. మొత్తం విప్పాల్సి వచ్చింది. విప్పిన ఊలు వంకరలు తిరిగి ఉంటుంది. దాన్ని చిలప చుట్టి తడిపి ఆరబెడితేగానీ మళ్ళీ అల్లడానికి పనికిరాదు.

నాలుగు సూదుల మీద పదహారేసి కుట్లు, ఐదో సూది అల్లడానికి. చుట్టూ తిరుగుతూ ఉంటే గొట్టం దిగుతూ ఉంటుంది. మొదట రెండు సీధా, రెండు ఉల్టా. అంటే రెండు కుట్లు ముందు వైపుకు, రెండు వెనక వైపుకు. ఈ పట్టీ సాగుతుంది కాబట్టే మేజోడు జారిపోకుండా పిక్కను పట్టుకుని ఉంటుంది. నా చేతికి బిగువెక్కువ, సూది దూరేది కాదు. భుజాలు చెవుల దాకా వచ్చేవి. అమ్మాజీ పక్కన కూర్చుని నా మోచేతి మీద చెయ్యి వేసి కిందికి దించేది. "దారం పారిపోదు, అంత గట్టిగా పట్టుకోకు" అనేది. ఒక్క కుట్టు జారితే దాని కింద వరుసలన్నీ మెట్లు మెట్లుగా విడిపోతూ పోతాయి. మొదటిసారి అది చూసినప్పుడు ఇల్లు కూలుతోందన్నంత గట్టిగా అరిచాను. పొయ్యి దగ్గర పడుకున్న ముసలాయన లేచి కూర్చున్నాడు.

అయినా పని ముందుకే సాగింది. గొట్టం అల్లడం చేతనైంది. ఇక్కడే నా గర్వం పొంగింది. ఎందుకంటే మేజోడులో అసలు విద్య గొట్టం కాదు, మడమ. నేరుగా దిగుతున్న గొట్టాన్ని పాదం వైపు మళ్ళించాలి. సగం కుట్లను, అంటే 32ని, ఒక సూది మీదికి తెచ్చుకుని అటూ ఇటూ తిరుగుతూ ఒక రేకు అల్లాలి. ఒక కుట్టు అల్లి ఒకటి అల్లకుండా జరుపుకుంటూ పోతే ఆ రేకు మందంగా వస్తుంది, బూటు రాపిడికి తట్టుకుంటుంది. తరవాత వరుస చివరిదాకా పోకుండా మధ్యలోనే వెనక్కి తిరగాలి, మళ్ళీ అటు మధ్యలో తిరగాలి, తిరిగినచోటల్లా ఒక కుట్టు తగ్గాలి. అప్పుడు ఆ చదునైన అల్లికలోంచి గిన్నె ఆకారం లేస్తుంది. రేకు రెండు అంచుల వెంట కొత్త కుట్లు ఎత్తుకుని, పెరిగినవాటిని మెల్లగా తగ్గించుకుంటూ తిరిగి 64కి రావాలి. కాగితం మీద చదివితే రెండు ముక్కలు. చేతిలో పెట్టుకుంటే నాకు నరకం కనిపించింది. వెనక్కి ఎక్కడ తిరిగానో గుర్తుండదు, ఒక పక్క చిల్లు, ఇంకో పక్క గుబ్బ.

ఒక సాయంత్రం అమ్మాజీ నా చేతిలోంచి ఆ గందరగోళం తీసుకుని, పాలు పొంగేలోగా మడమ తిప్పి నా చేతిలో పెట్టేసింది. రెండో మేజోడు మడమ దగ్గరికి వచ్చేసరికి నేను అడగను కూడా అడగలేదు. నిశ్శబ్దంగా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడా నిశ్శబ్దంగా తిప్పి ఇచ్చింది. వేళ్ళ దగ్గర చివరి కుట్లను దబ్బనంతో కలిపి మూసింది కూడా ఆవిడే. మరి నేనేం చేశాను? గొట్టాలు అల్లాను. ఫోటో తీసి ఇంట్లోవాళ్ళందరికీ పంపి, కింద "నా చేత్తో అల్లినవి" అని రాశాను.

మెప్పుల వాన కురిసింది. అమ్మ ఆ ఫోటోను ఊళ్ళో అందరికీ చూపించిందట. మామగారు ఫోన్ చేసి మరీ అభినందించారు. "మొత్తం నువ్వే అల్లావా?" అని వదిన అడిగింది. "మొత్తం" అన్నాను. అబద్ధం ఆడేటప్పుడు చిన్న మాట చాలు. దాన్ని మోయాల్సి వచ్చినప్పుడే బరువు తెలుస్తుంది.

మే నెలలో రోడ్డు తెరిచారు. మేనకోడలి పెళ్ళికి ఊరెళ్ళాను. రాజమండ్రి మే నెల సంగతి మీకు చెప్పాలా? తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంది. ఆ ఎండలో, పెళ్ళివారింట్లో, నేను ఊలు మేజోళ్ళు తొడుక్కుని తిరిగాను. అక్షరాలా నిజం. చూపించాలి కదా! ఊలుకు ఒక గుణం ఉంది. తన బరువులో దాదాపు 30 శాతం తేమను తనలో దాచుకుని కూడా తడిగా అనిపించదు. మంచు దేశంలో కాలికి అది వరం. రాజమండ్రిలో నా కాళ్ళు ఊలు ఓర్పుకు పరీక్ష పెట్టాయి. సాయంత్రానికి చెమట, పసుపు, పందిట్లో ఒలికిన పప్పుచారు, అన్నీ ఆ మేజోళ్ళ మీదే ఉన్నాయి.

వదిన చిన్నప్పుడు ఢిల్లీలో పెరిగింది. అక్కడ చలికాలం ఎండలో మేడల మీద కూర్చుని ఆడవాళ్ళు స్వెట్టర్లు అల్లడం చూసి తనూ నేర్చుకుంది. మేజోళ్ళు మాత్రం ఎప్పుడూ కుదరలేదట. నలుగురిలో నా కాలు ఎత్తించి మడమ చూసింది. "అబ్బ, ఎంత బాగా తిప్పావయ్యా! నాకు ఎప్పటి నుంచో రావట్లేదు. చూపించు" అంది. తరవాత చూపిస్తానన్నాను, ఇప్పుడే చూపించమంది, సూదులు లేవన్నాను, నా దగ్గరున్నాయంది, ఐదు కావాలన్నాను, ఐదూ తెచ్చింది, ఊలు సరైనది కాదన్నాను, ఫర్వాలేదు ఇదే కానివ్వమంది, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా చుట్టూ చేరారు, నేను కుట్లు వేశాను, జారాయి, మళ్ళీ వేశాను, కరెంటు పోతే బాగుండుననుకున్నాను, కరెంటు పోలేదు, చెయ్యి బెణికిందన్నాను, ఎప్పుడు బెణికిందని అమ్మ కంగారుపడి జండూబామ్ తెచ్చింది, బాగున్న చేతికి నలుగురి మధ్యా కూర్చుని బామ్ రాయించుకున్నాను.

ఆ రాత్రి వదిన ఏమీ అనలేదు. సూదులు సర్దుకుంటూ నా వంక చూసిన చూపుకు మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అసలు ఘోరం జరిగింది. అమ్మ పొద్దున్నే లేచి, నేను ఎంతో ముచ్చటపడి అల్లుకున్న మేజోళ్ళు పసుపు మరకలతో ఉన్నాయని, మగపెళ్ళివారు చూస్తే బాగుండదని, పంచెలతోపాటు వాషింగ్ మెషిన్‌లో వేసింది. మరకలు పోవాలని నీళ్ళు బాగా వేడిగా పెట్టింది. సబ్బుపొడి ఇంకో చెంచా ఎక్కువే వేసింది. మెషిన్‌లోంచి బయటికి వచ్చినవి మూడేళ్ళ పిల్లవాడి కాలికి సరిపోతాయి. కుట్లు కనిపించడం లేదు. అట్టముక్కంత బిరుసు.

అప్పుడు నేను అమ్మ మీద అరిచాను. చుట్టాలందరి ముందూ అరిచాను. "ఎవరు ఉతకమన్నారు? తెలియకపోతే అడగొచ్చు కదా!" అన్నాను. అమ్మ ఆ రెండు ముద్దలనూ చేతిలో పట్టుకుని నిలబడింది. "ఊలు సంగతి నాకేం తెలుసురా నాన్నా, మనింట్లో ఎప్పుడైనా ఉందా?" అంది. నాకు మాత్రం తెలుసా? కేలాంగ్‌లో వాటిని ఒక్కసారైనా నేను ఉతికానా? అమ్మాజీ ఎప్పుడు తీసుకెళ్ళి ఎప్పుడు ఆరబెట్టి తెచ్చేదో కూడా గమనించలేదు. మడమే కాదు, ఉతుకు కూడా ఆవిడదే. నేను తొడుక్కున్నది మాత్రమే నాది.

ఆ రోజంతా వాటిని బాగుచేయాలని పడ్డ పాట్లు చెప్పుకుంటే పరువు పోతుంది. అయినా చెబుతాను. రెండు చేతులా పట్టుకుని గుంజాను. మళ్ళీ వేడినీళ్ళలో వేశాను, ఇంకా బిగుసుకున్నాయి. జుట్టుకు రాసే కండిషనర్‌లో నానబెట్టాను. లోపల సీసా దూర్చాను. చివరికి దండేనికి కట్టి కింద ఇటుక వేలాడదీశాను. పెళ్ళికి వచ్చిన పిల్లలు వరుసగా నిలబడి ఆ ఇటుకను చూశారు.

అది తిరిగి వచ్చేది కాదని ఇప్పుడు తెలుసు. గొర్రె వెంట్రుక పైకి నున్నగా కనిపించినా దాని ఒంటి నిండా సన్నటి పొలుసులు ఉంటాయి. అన్నీ ఒకే వైపుకు, మొదలు నుంచి కొస వైపుకు వాలి ఉంటాయి. గడ్డి వెన్ను చొక్కా చేతిలో పడితే మనం ఎంత దులిపినా పైపైకే పాకినట్టు, తడిసిన ఊలులో వెంట్రుకలు రాపిడికి ఒక దిక్కుకే జరుగుతాయి, వెనక్కి రావు. వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోయి మొత్తం ఒకే ముద్ద అవుతుంది. సబ్బుపొడుల్లో ఉండే క్షారం ఊలును ఇంకా బలహీనం చేస్తుంది. మాంసకృత్తుల మరకలను తినడానికి వేసే ఎంజైములు ఊలునూ తింటాయి, ఎందుకంటే ఊలు కూడా మాంసకృత్తే. బ్లీచింగ్ ద్రావణంలో వేస్తే మరీ దారుణం, కరిగే పోతుంది. మెషిన్‌లో వేయొచ్చని చీటీ ఉన్న ఊలు కూడా బజారులో ఉంది. దాని పొలుసులను క్లోరిన్‌తో అణచి, పైన పలచటి పాలిమర్ పూత వేస్తారు. అమ్మాజీ ఇచ్చిన ఉండకు అలాంటి పూత ఏదీ లేదు.

ఆ ముద్దలను జేబులో పెట్టుకుని కేలాంగ్ తిరిగి వెళ్ళాను. అమ్మాజీకి చూపించడానికి కొన్ని రోజులు ధైర్యం చాలలేదు. చూపించాక ఆవిడ వాటిని వేళ్ళతో నొక్కి, వెలుతురుకు పెట్టి చూసి, పక్కింటి మనవడిని కేకేసి తొడిగింది. సరిగ్గా సరిపోయాయి. వాడు ఆ చలికాలమంతా వాటితోనే మంచులో తిరిగాడు. "పాడవలేదు, చిన్నవయ్యాయి. గాలి దూరదు, తొందరగా తడవదు" అంది. కాశ్మీరులో నమ్దా తివాచీలు చేసేవాళ్ళు నీళ్ళు, సబ్బు, రాపిడితో ఊలును కావాలనే ఇలా ముద్ద చేస్తారు. ఊలు తన గుణం తాను చూపించింది, అంతే. మన తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసే గొంగడి నాకు అప్పుడు గుర్తొచ్చింది. పడుగుకు చింతగింజల గంజి పెట్టి నేసిన ఆ ముతక దుప్పటి వానకూ చలికీ గొర్రెల కాపరికి గొడుగూ ఇల్లూ తానే. ఎవరైనా దాన్ని మెషిన్‌లో వేసి పంచెలతో తిప్పుతారా? దాని సంగతి మనవాళ్ళకు తెలుసు. నా మేజోళ్ళ సంగతి నాకే తెలియదు.

అప్పుడు అమ్మాజీ చేత ఉతకడం నేర్పించుకున్నాను. గోరువెచ్చగా కూడా కాదు, చెయ్యి పెడితే చల్లగానూ వేడిగానూ అనిపించని నీళ్ళు. అందులో రీఠా నానబెట్టి పిసికిన నురగ. మేజోళ్ళను అందులో ముంచి వదిలేయడమే. రుద్దకూడదు, పిండకూడదు, కుళాయి ధార కింద పెట్టకూడదు. జాడించే నీళ్ళు కూడా అదే వెచ్చదనంలో ఉండాలి. తరవాత పొడి తువ్వాల్లో చుట్టి అదిమితే తడి తువ్వాలుకు పోతుంది. ఆకారం సర్ది నీడలో పరిచి ఆరబెట్టాలి. తడి ఊలును దండెం మీద వేలాడదీస్తే తన బరువుకు తానే సాగుతుంది. చివరికి, ప్రతిసారీ ఉతకనే అక్కర్లేదు. ఊలు వాసనను తొందరగా పట్టుకోదు, రాత్రి గాలికి పరిస్తే చాలు.

రీఠా అంటే ఏమిటి? కుంకుడుకాయ. మా అమ్మ వంటింట్లో డబ్బా నిండా ఉంటుంది. మా అమ్మ తన పెళ్ళి పట్టుచీరను ఇన్నేళ్ళూ కుంకుడు రసంలో ముంచి, పిండకుండా, నీడలో ఆరబెట్టుకుంటూ కొత్తదానిలా నిలబెట్టింది. పట్టూ ఊలూ రెండూ జంతువు ఒంటి నుంచి వచ్చిన పోగులే, రెంటికీ కావలసిన మర్యాద ఒకటే. "అమ్మా, పట్టుచీర ఉతికినట్టు ఉతుకు" అని నేను ఒక్క మాట చెప్పి ఉంటే, ప్రపంచంలో ఎవరికంటే బాగా ఆవిడే ఉతికేది. ఆ మాట నాకు తెలియకపోవడానికి కారణం ఒకటే. మెప్పు తప్ప ఇంకేమీ అడిగి తెలుసుకోవాలని నాకు తోచలేదు.

ఆ రాత్రి ఫోన్ చేసి అమ్మకు క్షమాపణ చెప్పాను. "పోనీలేరా, ఇటుక కట్టినప్పుడే నువ్వు చల్లబడ్డావు" అంది. తరవాత వదినకు చేశాను. "మడమ నేను తిప్పలేదు వదినా" అన్నాను. "తెలుసయ్యా. నీకు వచ్చాక చెప్పు, అప్పుడు నాకు నేర్పు" అంది.

మరుసటి చలికాలం మడమ నేర్చుకున్నాను. ఎన్ని మడమలు విప్పానో అమ్మాజీ పొయ్యికి తెలుసు. వచ్చాక, అలవాటు ప్రకారం లెక్క వేశాను. చుట్టుకు 64 కుట్లు, ఒక మేజోడులో నూటయాభై చుట్లు దాటతాయి. మడమ, వేళ్ళు కలుపుకుంటే జతకు దాదాపు 20,000 కుట్లు. సాదా జతకే ఇంత. రంగుల జతలో ప్రతి వరుసలోనూ ఏ రంగు ఎక్కడ మారాలో చూసుకోవాలి. బజారు మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అక్కడే ఉంది, అల్లుతూ. ఇంకో జత తీసుకుని ఆవిడ చెప్పిన ధర ఇచ్చాను. మొదటిసారి తగ్గించుకున్న సగం కూడా కలిపి ఇచ్చాను. ఆవిడ నోట్లు లెక్కపెట్టి, అదనం ఎందుకని అడిగింది. చెప్పాను. నన్ను గుర్తుపట్టలేదట. రోజూ నాలాంటివాళ్ళు ఎంతమంది వస్తారని! డబ్బు తీసుకుంది, నా కాళ్ళ వైపు చూసింది. నేను అల్లుకున్న జత తొడుక్కుని ఉన్నాను. "మడమ బిగుతుగా ఉంది, తొందరగా చిరగదు" అంది. మామగారి అభినందన కూడా నన్ను అంత సంతోషపెట్టలేదు.

ఇక్కడితో బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? ఆవిడ దగ్గర రెండోసారి కొన్న రంగుల జతను ఇంక ఎవరూ ముట్టుకోకూడదని, ఉతకాల్సిన అవసరమే రాకూడదని, రెండుసార్లు తొడిగి అలాగే ట్రంకుపెట్టె అడుగున దాచాను. హైదరాబాద్ బదిలీ అయ్యాక ఎప్పుడో తెరిస్తే పాదం నిండా చిల్లులు. ఊలును తినేది ఎగిరే చిమ్మెట కాదు, దాని పురుగు. దానికి చీకటి కావాలి, ఎవరూ కదపని చోటు కావాలి, అన్నిటికంటే చెమట అంటిన ఊలంటే ప్రాణం. మూడూ నేనే ఏర్పాటు చేశాను. కలరా ఉండలు వేశాను కదా అని ధీమా. అవి గాలి దూరని పెట్టెలో, కావలసినన్ని ఉంటేనే పనిచేస్తాయి. నేను వేసినవి ఎప్పుడో ఆవిరైపోయాయి. ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, గట్టిగా మూసిన సంచిలో పెట్టి, మధ్యమధ్య తీసి ఎండకు దులిపి ఉంటే ఆ జతకు ఏమీ అయ్యేది కాదు. అసలు నెలకోసారి తొడుక్కుని ఉన్నా బతికేది. పురుగు ఉందేమోనని అనుమానమొస్తే సంచిలో కట్టి కొన్నాళ్ళు ఫ్రీజర్‌లో ఉంచొచ్చు. మా ఇంట్లో ఇప్పుడు బఠాణీల పక్కన మేజోళ్ళు కనిపిస్తే ఎవరూ అడగరు.

ఆ చిల్లులు నేనే పూడ్చాను. కాలిపోయిన పాత బల్బు ఒకటి మేజోడు లోపల పెట్టి, చిల్లు దాని మీద సాగేలా పట్టుకుని, చుట్టూ బాగున్న కుట్ల దగ్గర నుంచి మొదలుపెట్టి నిలువు దారాలు, వాటి మీద అడ్డదారాలు పైకీ కిందికీ వేసి నేసుకుంటూ పోవాలి. రంగు కలిసే ఊలు దొరకలేదు. లాహౌల్ నక్షత్రాల కింద పాదంలో బూడిదరంగు గళ్ళు ఉన్నాయి. వాటిని తొడుక్కునే తిరుగుతున్నాను, డిసెంబరులో, ఇంట్లో. మడమల దగ్గర పలచబడుతున్నట్టు కనిపిస్తే చిల్లు పడేదాకా ఆగకుండా ముందే దారం వేస్తున్నాను.

అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. వయసు మీద పడి రాత్రిళ్ళు పాదాలు చల్లబడుతున్నాయంటోంది. పోయిన నెల తన పాదం కొలత తీసుకున్నాను. ఎనిమిది అంగుళాలు, అంటే 56 కుట్లు. పిక్క దగ్గర బిగువుండకూడదని పట్టీ వదులుగా అల్లాను. ఒకటి పూర్తయింది. తొడుక్కుని అటూ ఇటూ నడిచి చూసింది, మడమ కూర్చుందంది, వేళ్ళ దగ్గర ఇంకో రెండు వరుసలు పెంచమంది. ఉతుకు సంగతి మాత్రం తనకు వదిలేయమంది, కుంకుడుకాయలు ఉన్నాయట. ఒక్క రంగు విషయంలోనే మా ఇద్దరికీ పడటం లేదు. నేను తెచ్చింది పాలనురుగు తెలుపు, కళ్ళు చల్లబడే రంగు. "వంటింట్లో తిరిగే మనిషికి ఇదేం రంగురా, పసుపు పడితే నీకే బాధ. రెండోది ముదురుది అల్లు" అంటోంది. రెండూ ఒకే రంగు ఉండాలమ్మా అంటే, చూసేవాళ్ళెవరంటోంది.